షావుకారు అడిగిన మాట

మే 11

విత్తనాల కంపెనీ వాళ్ళు ఇచ్చిన డైరీ ఇది. ఏడాది మొదటి నుంచీ గల్లాపెట్టె పక్కన ఖాళీగా పడి ఉంది. దుకాణమూ ఖాళీగానే ఉంది కాబట్టి, రెండింట్లో ఒకటైనా నిండుతుందని రాయడం మొదలుపెట్టాను.

ఈ రోజు బేరం రెండు పురుగుమందు సీసాలు, ఒక పార కర్ర. దుక్కులు మొదలయ్యే రోజులివి. ఇంతకు ముందైతే ఈపాటికి గుమ్మంలో చెప్పులు విడవడానికి చోటుండేది కాదు.

నాకేం బాధ లేదు. ఎవరి దారి వాళ్ళది.

మే 12

ఒకాయన వచ్చి మొక్కజొన్న విత్తనాల ప్యాకెట్ చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి తేదీ చూశాడు. ఇన్నేళ్ళుగా ఈ దుకాణంలో ఎవడూ తేదీ చూడలేదు. అరువుకి పట్టుకెళ్ళేవాడు నా మొహం చూస్తాడు, ఇస్తానా ఇవ్వనా అని. ఇప్పుడు సంఘం అప్పిచ్చింది, చేతిలో నగదు ఆడుతోంది, తేదీలు కనిపిస్తున్నాయి. ధర కూడా అడిగాడు. "పట్నంలో తక్కువండీ" అని ప్యాకెట్ బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. తేదీ సరిగ్గానే ఉంది. ఆ ప్యాకెట్ వరకూ.

పాలకేంద్రం పక్క రెండు గదుల్లో నడిచే ఆ పరపతి సంఘాన్ని ఒకప్పుడు ఎవరు పట్టించుకున్నారు? పొలం కాగితాలున్న పెద్దరైతులు తప్ప ఆ గడప తొక్కినవాడు లేడు. మా చెల్లెలు అక్కడ కార్యదర్శి అయ్యాకే ఈ వేషాలన్నీ. కాగితం ముక్క లేని కౌలురైతయినా సరే, ఐదుగురు జట్టుగా వచ్చి ఒకరికొకరు పూచీ ఉంటే చాలు, అప్పు ఇచ్చేస్తోంది. వడ్డీ నా వడ్డీలో సగం కూడా లేదు.

దానికి లెక్కలు నేర్పింది ఎవరు? నేను. ఇదే గల్లాపెట్టె దగ్గర ఎత్తుపీట వేసి కూర్చోబెట్టి చక్రవడ్డీ నేర్పాను. ఏకు మేకై కూర్చుంది. 

అయినా అది నా చెల్లెలు. పైకొస్తే నాకు సంతోషం కాదా.

మే 15

ఆఫీసుకి మా ఇల్లు దగ్గర. అందుకని చెల్లెలు మధ్యాహ్నం ఇక్కడే భోంచేస్తుంది. దాని మొగుడు బస్సు డ్రైవరు, వారానికి రెండు రోజులు కూడా ఇంటిపట్టున ఉండడు. ఒక్కదాని కోసం ఏం వండుకుంటుందని మా ఆవిడే అలవాటు చేసింది.

ఈ రోజు ఆకలి మీద ఉంది, హుషారు మీదా ఉంది.

"అన్నయ్యా, ఈసారి ఇంకో ఇరవై జట్లు చేరాయి. నిదానం కూడా జట్టు కట్టాడు తెలుసా" అంది.

నిదానం అనేది ఊరు పెట్టిన పేరు. కౌలురైతు. ఏదైనా అడిగితే ముందు పైకప్పు చూస్తాడు, తర్వాత నేల చూస్తాడు, ఆ తర్వాత జవాబు చెప్తాడు. పుష్కరంపాటు నా ఖాతాదారు. భూస్వామి పూచీ మీద విత్తనం, ఎరువు, మందు అన్నీ నా దగ్గరే అరువు. పంట వచ్చాక తూకం కూడా నా కాటా మీదే, ధర నేను చెప్పిందే. మొన్న పంటకి బాకీ మొత్తం కట్టేసి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. దండం ఎందుకు పెట్టాడో ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

"ఎగ్గొడితే ఏం చేస్తావ్?" అన్నాను.

"ఇంతవరకూ ఒక్కరూ ఎగ్గొట్టలేదు. ఒకడు కట్టకపోతే మిగతా నలుగురికీ అప్పు ఆగిపోతుంది కదా. రేపు పొద్దున కాలవ దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి."

"మా అమ్మాయి మామూలుది కాదండీ" అని మా ఆవిడ ఆడపడుచు వైపు చూసి నవ్వింది. పెట్టిన కూరే మళ్ళీ పెట్టింది.

చేయి కడుక్కునేటప్పుడు చెల్లెలు గొంతు తగ్గించింది. "పై బ్యాంకు నుంచి విత్తు అప్పుల డబ్బు రావడం ఓ వారం ఆలస్యమవుతుందట. చేతిలో ఉన్నదంతా అప్పుల్లో తిరుగుతోంది. భయం ఏమీ లేదనుకో. కానీ మనలో మాట అన్నయ్యా."

తల ఊపాను.

మే 17

గడ్డం చేయించుకున్నాను. ఎండ మండిపోతోంది.

మే 18

నిన్న సెలూన్లో సంఘం మాట వచ్చింది. నేను తేలేదు, దానంతటదే వచ్చింది. సెలూనాయనే అన్నాడు, "మా ఆవిడ కూడా అక్కడే దాచుకుంటోందండీ, ఫరవాలేదా" అని. నా మొహం నిండా నురగ. ఆ నురగలోంచే ఒక్క మాట అడిగాను: "దాచినవన్నీ అప్పులకే ఇచ్చేస్తే, అందరూ ఒకేరోజు వెళ్ళి అడిగితే ఎక్కణ్ణించి తెస్తారయ్యా?"

అడిగానంతే. అడగడం తప్పా?

కత్తి నా దవడ దగ్గర ఆగిపోయింది. "మీకు తెలియకుండా ఉంటుందా, సొంత చెల్లెలు" అన్నాడు. నేనేమీ అనలేదు. 

ఏమీ అనలేదని ఎందుకు రాసుకుంటున్నానో తెలీదు. ఎవరు చదువుతారు దీన్ని.

మే 20

సెలూనాయన నోట్లో నువ్వుగింజ నానదు, అది నాకు తెలుసు. మూడు రోజుల్లో గోరంత కొండంతయ్యింది. టీ కొట్టు దగ్గర ఎవరో నన్నే పక్కకి పిలిచి, "ఇనప్పెట్టెలో చిత్తుకాగితాలు తప్ప ఏమీ లేవటగా" అన్నారు. నా మాటే నాకు తిరిగొచ్చింది. ఒంటి నిండా నగలు పెట్టుకుని వచ్చింది, గుర్తుపట్టడం కష్టమైంది.

"నాకేం తెలుసు" అన్నాను.

అబద్ధం కాదు. కానీ ఆ మాట అనడానికి కూడా ఒక తీరు ఉంటుంది. కళ్ళు దించుకుని, గ్లాసు వైపు చూస్తూ అంటే ఒక అర్థం వస్తుంది. నేను గ్లాసు వైపు చూశాను.

ఊరి నోరు మూయడం ఎవరి తరం.

మే 21

పొద్దున్నే సంఘం ముందు జనం. పాలకేంద్రానికి క్యాన్లు తెచ్చినవాళ్ళు క్యాన్లు అక్కడే వదిలేసి వరసలో నిలబడ్డారు. దుకాణం గుమ్మంలోంచి అంతా కనిపిస్తూనే ఉంది. కౌంటరు కటకటాల వెనక మా చెల్లెలి తల ఒక్కటే. డబ్బు లెక్కపెడుతోంది, ఇస్తోంది, సంతకం తీసుకుంటోంది, మళ్ళీ లెక్కపెడుతోంది. మంచినీళ్ళు తాగిందో లేదో.

మధ్యాహ్నం భోజనానికి రాలేదు. మా ఆవిడ క్యారియర్ కట్టి పంపిస్తే అలాగే తిరిగొచ్చింది.

"ఇంత విషం ఎవరు కక్కారో, వాళ్ళ నోరు పడిపోను" అంది మా ఆవిడ.

నేను మజ్జిగ తాగుతున్నాను. తాగడం ఆపలేదు.

"నా డబ్బు కూడా అక్కడే ఉందండీ" అంది తర్వాత. నాకు తెలీదు. నా ఇంట్లో, నా ఎదురుగా ఉంటూ, ఎప్పుడు దాచిందో ఎంత దాచిందో నాకు తెలీదు.

"అయితే వెళ్ళి తెచ్చుకో. ఇంకా ఆలోచిస్తావేం?"

"తెచ్చుకోను."

"పోతే?"

"పోతే మన అమ్మాయితోనే పోతుంది. మీరు మాత్రం ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నారు? వెళ్ళి దాని పక్కన నిలబడొచ్చు కదా."

దుకాణం చూసుకోవాలి అన్నాను. దుకాణంలో ఈగ కూడా లేదు.

మే 22

వెళ్ళాను.

రాత్రంతా మా ఆవిడ శాపనార్థం చెవిలో తిరుగుతూనే ఉంది, అందుకని కాదు. నిజంగా చెప్పాలంటే నేననుకున్నది వేరు. నాలుగు రోజులు జనం అటు వెళ్ళడానికి కొంచెం జంకితే చాలు, ఈ సీజనుకి నా సరుకు కదిలితే చాలు అనుకున్నాను. సంఘం మూతపడాలని నేనెప్పుడూ అనుకోలేదు. చెల్లెలు కటకటాల వెనక అలా ఒక్కతే అయిపోతుందని అసలు అనుకోలేదు.

అనుకోలేదు. అది నిజం.

వరస మిల్లు గోడ దాకా పోయింది. తోపులాటలో ఒక ముసలాయన కళ్ళజోడు పగిలింది. బల్ల మీద కట్టలు సగానికి సగం తరిగిపోయాయి. చెల్లెలి జుట్టు చెదిరి మొహం మీద పడుతోంది, వెనక్కి తోసుకోవడానికి కూడా చేయి ఖాళీ లేదు. నిదానం, వాడి జట్టువాళ్ళు గేటు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. వాళ్ళు దాచుకున్నవాళ్ళు కాదు, అప్పు కోసం వచ్చినవాళ్ళు. వాళ్ళకి రావలసిన డబ్బే కళ్ళముందు వేరేవాళ్ళ జేబుల్లోకి పోతోంది. అరవలేదు, తిట్టలేదు. చూస్తున్నారు.

మెట్టెక్కి గట్టిగా అన్నాను. "ఆగండి. ఈ మాట పుట్టించింది నేను. సెలూన్లో నేనే అన్నాను. సంఘానికేం కాలేదు. డబ్బు రావడం వారం ఆలస్యం, అంతే. మిగతాదంతా అబద్ధం. నా బేరం పోతోందన్న కడుపుమంటతో అన్నాను."

ఒక్క క్షణం అందరూ ఆగారు. ఆ క్షణంలో అనుకున్నాను, అయిపోయింది, ఇక నా మీద పడతారని. పడితే పడనీ అనుకున్నాను. బహుశా పడాలనే కోరుకున్నాను.

వరసలో మొదట ఉన్న పాలావిడ పెద్దగా నిట్టూర్చింది. "అన్నంటే ఇలా ఉండాలమ్మా. చెల్లెలి కోసం నింద నెత్తినేసుకుంటున్నాడు చూడు" అంది.

"పాపం షావుకారు" అన్నారు ఎవరో. ఇంకెవరో నా భుజం తట్టారు.

"లేదు, నిజంగానే నేనే" అని అరిచాను. ఎంత అరిస్తే అంత జాలిపడ్డారు. వెనకనుంచి ఒకడు అన్నాడు, "సొంతన్నే వచ్చి ఇంతలా ఆపుతున్నాడంటే లోపల నిజంగానే ఏమీ మిగల్లేదన్నమాట!" అంతే. వరస విరిగిపోయింది. అందరూ ఒక్కసారిగా కటకటాల మీద పడ్డారు.

అన్నని కాబట్టి నేను చెప్పిన అబద్ధాన్ని నమ్మారు. అన్నని కాబట్టే నేను చెప్పిన నిజాన్ని నమ్మలేదు.

నా మాట నమ్మింది ఒక్క మనిషి. చెల్లెలు లెక్కపెట్టడం ఆపి నా వైపు చూసింది. పెద్ద చూపేం కాదు. లెక్క తప్పినప్పుడు మళ్ళీ మొదటినుంచి చూసుకుంటారే, అలా చూసింది. తర్వాత కట్ట అందుకుని, "తర్వాత ఎవరు" అంది.

మే 23

భోజనానికి రాలేదు.

మా ఆవిడకి చెప్పాల్సిన పని లేకపోయింది. ఊరంతా చెప్పారు, మీ ఆయన దేవుడమ్మా అని. ఆవిడ ఊరిలాంటిది కాదు. రోజంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం మాత్రం "సెలూన్లోనా?" అని అడిగింది. అవునన్నాను. గిన్నెలు తీసుకుని దొడ్లోకి వెళ్ళింది.

మే 26

పై బ్యాంకు నుంచి డబ్బొచ్చింది. విత్తు అప్పులకని వచ్చిన డబ్బు. కమిటీ కూర్చుని, ముందు డిపాజిట్లు తీర్చాలి, లేకపోతే సంఘానికే తాళం పడుతుందని తీర్మానం చేసింది. సాయంత్రానికి అడిగినవాళ్ళందరికీ పైసాతో సహా ఇచ్చేశారు. సంఘం నిలబడింది.

ఈ పంటకి మాత్రం కొత్త అప్పులు లేవు. ఒక్క జట్టుకీ లేవు. ఆ మాట రాసిన కాగితం మా చెల్లెలే తలుపుకి అంటించింది. 

డబ్బు తీసుకున్నవాళ్ళు ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక తిరుగుతున్నారు. పాలావిడ నా దగ్గరికొచ్చి, మీరైతే ఎంత వడ్డీ ఇస్తారు అని అడిగింది. వెళ్ళమ్మా అన్నాను.

మే 30

రాలేదు.

జూన్ 4

నిన్న పెద్దవాన. నేల బాగా తడిసింది.

తెల్లారకముందే దుకాణం ముందు మనుషులు. షట్టరు ఎత్తుతుంటే ఇద్దరు ముగ్గురు తలో చెయ్యి వేశారు. గుమ్మంలో చెప్పులు. గోడౌనులోంచి బస్తాలు బయటికొచ్చాయి, దుమ్ముకి తుమ్ములే తుమ్ములు. ఎవరూ తేదీ చూడలేదు. ధర అడగలేదు. "మీరెంత రాసుకుంటే అంతే షావుకారు గారూ" అన్నారు. అందరూ నా మొహమే చూశారు.

ఇదే కదా నాకు కావలసింది. ఇదేనని ఇప్పుడు రాసుకోవడానికి సిగ్గేస్తోంది. కానీ పొద్దున షట్టరెత్తినప్పుడు మాత్రం సంతోషమేసింది. అది కూడా నిజం.

పాత ఒప్పందమే చెప్పాను. పాత వడ్డీ, పంట నా కాటా మీద. ఎవరూ కిక్కురుమనలేదు. కౌలువాళ్ళు ఇంకా రాలేదు. ఒకసారి సంఘానికి వెళ్ళినవాళ్ళకి భూస్వాములు మళ్ళీ పూచీ పెట్టరు. భూస్వామి సంతకం లేకుండా నేను ఇవ్వనని వాళ్ళకి తెలుసు.

జూన్ 6

కౌలువాళ్ళు వచ్చారు. వాళ్ళతో పాటు వరసలో మా చెల్లెలు నిలబడి ఉంది.

ముందు చూడలేదు నేను. "తర్వాత ఎవరు" అని తలెత్తితే తనే. చేతిలో ఒక సంచి. పక్కన నిదానం.

"వరసలో ఏంటే, లోపలికి రా" అన్నాను.

"పని మీద వచ్చాను" అంది. సంచిలోంచి కాగితాలు తీసి బల్లమీద పెట్టింది. "ఇవి మా ఇంటి కాగితాలు. ఈ కౌలు జట్లన్నిటికీ నేను పూచీ. సరుకు ఇవ్వు. అదును దాటితే వీళ్ళకి ఏడాది పోతుంది. వడ్డీ నీ ఇష్టం."

"మీ ఆయన?"

"చెప్పాను. సరేనన్నాడు."

ఆ ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు నేనే దగ్గరుండి దింపించాను. ఆ కాగితాలు నా వైపు జరిపింది. నేను వెనక్కి జరిపాను. మళ్ళీ జరిపింది.

"నీ ఇల్లు నాకెందుకే" అన్నాను. "తీసుకెళ్ళమను. ఏం కావాలంటే అది. సంఘం వడ్డీకే ఇస్తాను. పంట వాళ్ళిష్టం వచ్చిన చోట అమ్ముకోమను."

చెల్లెలు నవ్వలేదు, ఏడవలేదు. "మాటేనా?" అంది.

"మాటే. ఎందుకు, నా మాట..." అని ఆగిపోయాను.

"రాసివ్వు."

ఈ దుకాణంలో కాగితం రాయించుకోవడమే తప్ప రాసివ్వడం నేనెరగను. మా నాన్న కూడా ఎరగడు. అందరూ చూస్తున్నారు. తెల్లకాగితం తీసి రాశాను: వడ్డీ ఇంత, పంట తూకం ఎక్కడైనా, బాకీ తీరేదాకా మాట మార్చను. కింద సంతకం పెట్టాను.

చెల్లెలు కాగితాన్ని నిదానం చేతికిచ్చింది. "అప్పు నీది. నువ్వు చూసుకో" అంది.

వాడు పైకప్పు చూశాడు. నేల చూశాడు. కాగితం అటూ ఇటూ తిప్పాడు. 

"బాగానే ఉందండీ" అన్నాడు చివరికి. "కింద పూచీ సంతకం ఒకటి ఉంటే బాగుంటుందండీ. మమ్మల్ని అడుగుతారు కదా ఎప్పుడూ."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. నాకు కోపం రావలసిన చోటు అది. రాలేదు. వరసవైపు చూశాను. నన్ను దేవుడన్నవాళ్ళు అందులో సగం మంది ఉన్నారు. భుజం తట్టినవాళ్ళు ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. ఒకాయన విత్తనాల బస్తా మీద అక్షరాలు చదువుకుంటున్నాడు. నాకు పూచీ ఉండండి అని నోరు తెరిచి అడగలేకపోయాను. అలా అడగడం ఎంత కష్టమో నాకు తెలీదు ఇంతకాలం.

ఇంట్లోకి వెళ్ళే గుమ్మం దగ్గర తెర కదిలింది. మా ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఎవరివైపూ చూడలేదు. పెన్ను తీసుకుని నా పేరు కింద తన పేరు రాసింది. తన పేరు రాయడం నేను చూసి ఎన్నాళ్ళైందో.

చెల్లెలు చదివింది. "వదిన పెట్టింది కాబట్టి ఒప్పుకుంటున్నాను" అంది. ఇంటి కాగితాలు సంచిలో సర్దుకుని, కౌలువాళ్ళ సరుకంతా బయటికి వెళ్ళేదాకా కాటా పక్కన నిలబడి, ప్రతి బస్తా తూకం చూసి వెళ్ళింది.

తేదీలు కూడా చూసింది. మూడు ప్యాకెట్లు పక్కన పెట్టేసింది.

జూన్ 9

దుకాణంలో రద్దీ. నిదానం వాళ్ళు విత్తేశారట.

సంఘంలో ఒకరిద్దరు మళ్ళీ డబ్బు దాచడం మొదలుపెట్టారని విన్నాను. నేనూ దాచుకుందామనుకుంటున్నాను. నమ్మకం పోగొట్టుకున్నవాడి డబ్బైనా డబ్బే కదా.

మధ్యాహ్నం పళ్ళేల దగ్గర మా ఆవిణ్ణి అడిగాను. ఎన్నాళ్ళో ధైర్యం కూడగట్టుకుని అడిగాను. "నువ్వెళ్ళి అమ్మాయిని భోజనానికి పిలుచుకురా. నీ మాట వింటుంది. నేను మళ్ళీ అలాంటి పని చేయనని నువ్వు చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతుంది."

మా ఆవిడ నాకు అన్నం పెట్టింది. తనూ పెట్టుకుంది. ముద్ద కలుపుతూ చెప్పింది.

"నేను సంతకం పెట్టింది వడ్డీకండీ. మీ మనసుకి నేను పూచీ పడలేను."

సరే అన్నాను.